మామిడితోటకు వేడి అన్నము చేర్చుట

నూజివీడు ప్రాంతమున మామిడికోత ఏప్రిల్, మే నెలలలో ముమ్మరముగా సాగును. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం వైపు తోటలలో బంగినపల్లి, కలెక్టరు, చిన్నరసము, పెద్దరసము దిగు రోజులలో కూలీలు తెల్లవారుజాముననే చిక్కములు పట్టుకొని చెట్లక్రిందికి చేరుదురు. తోట ఊరికి దూరముగా ఉండుట సాధారణము. వంట ఇంటివద్దనో, పట్టణములోని మెస్సులోనో జరుగును. తినుట తోటలో జరుగును. ఈ రెంటికి నడుమ అన్నము, పప్పు, కూర రెండు మూడు గంటలు, ఒక్కొక్కప్పుడు నాలుగు గంటలు గిన్నెలలోనే ఉండిపోవుచున్నవి. ఆ గంటలలో ఆహారమును వేడిగా నిలుపు ఉపాయమును ఈ వ్యాసములో తెలుపుచున్నాము.

అన్నము చల్లారినచో రుచి తగ్గునని అందరికిని తెలియును. కాని నష్టము రుచితో ఆగదు. 20 మందికి ఒకే గుండిగనుండి వడ్డించునపుడు ఆ గుండిగలో దోషమున్నచో అది 20 మందికిని ఒకేసారి సోకును. మండుటెండలో పనిచేసి చెమటతో నీరు కోల్పోయిన మనిషికి వాంతులు, విరేచనములు కూడ పట్టినచో ప్రాణాపాయము కలుగవచ్చును. కూలీలు పడిపోయిన పిమ్మట కోసిన కాయ చెట్టుక్రిందనే ఉండును. నున్న మార్కెట్టుకు పోవలసిన లారీ నిలిచిపోవును. ఇంత నష్టమును ఒక పాత పెట్టె, నాలుగు మోపుల వరిగడ్డి, కొంచెము శ్రద్ధ తప్పింపగలవు.

ఎండ అన్నమును కాపాడదు

"ఈ ఎండకు మనుషులే ఉడికిపోవుచున్నారు, గిన్నెలో అన్నము చల్లారునా అండీ?" అని కొందరు రైతులు అడుగుచుందురు. ఇది సరియైన ప్రశ్న. జవాబు తెలిసికొన్నవారికి ఈ వ్యాసములోని సగము సంగతి తెలిసినట్లే.

పొయ్యిమీదినుండి దింపిన పప్పు వేడి ఇంచుమించు 95 డిగ్రీల సెంటిగ్రేడు ఉండును. మే నెలలో చెట్టునీడన గాలి వేడి 40 డిగ్రీలు ఉన్నదనుకొందము. గిన్నె చుట్టునున్న గాలి గిన్నెకన్న చల్లనిది గనుక పప్పు వేడి దిగుచు 40 డిగ్రీల వైపు వచ్చును. చలికాలములో ఆ పప్పు 25 డిగ్రీల వరకు దిగును. ఎండకాలములో 40 వద్ద ఆగి అచ్చటనే నిలుచును. చూచుటకు ఇది మేలుగా తోచును. నిజమునకు ఇదియే కీడు. ఆహారమును విషముగా మార్చు సూక్ష్మజీవులకు 30 మొదలు 47 డిగ్రీల వరకుగల గోరువెచ్చదనము మిక్కిలి అనుకూలము. ఎండ ఆహారమును వేడిగా ఉంచదు. సూక్ష్మజీవులు పెరుగు వేడిలో గంటలతరబడి నిలుపును.

కాబట్టి గుర్తుంచుకొనవలసిన అంకె 60. వండిన ఆహారమును వడ్డించువరకు 60 డిగ్రీలకు పైన ఉంచవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రకటించిన ఐదు సూత్రములలో చెప్పినది. 60కి పైన సూక్ష్మజీవులు వృద్ధిచెందజాలవు. వండిన పదార్థమును బయటి వేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదనియు ఆ సంస్థ సలహా. గాలి వేడి 32 డిగ్రీలు దాటినచో ఒక్క గంటకు మించరాదని అమెరికా వ్యవసాయశాఖ చెప్పుచున్నది. మన మామిడికోత దినములు అన్నియు ఈ రెండవ లెక్కలోనివే.

గిన్నెలో ఏమి జరుగును

బాగుగా ఉడికించితిమి గదా, ఇక సూక్ష్మజీవులు ఎక్కడనుండి వచ్చునని సందేహము కలుగవచ్చును. మూడు దారులు కలవు.

మొదటిది అన్నమునకు సంబంధించినది. బియ్యములో మట్టినుండి వచ్చిన బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి గింజవంటి రూపములో దాగియుండును. ఎండిన విత్తనము చాలకాలము బ్రతికియుండునట్లే ఈ గింజయు మరుగు నీటిని తట్టుకొనును. అన్నము గోరువెచ్చనైనపుడు మొలకెత్తి, పెరిగి, విషము పుట్టించును. అట్టి అన్నము తిన్నవారికి అరగంట మొదలు ఆరు గంటలలోపల వాంతులు పట్టును.

రెండవది మాంసపు కూరలకు, చిక్కని పులుసులకు సంబంధించినది. క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అను సూక్ష్మజీవి పెద్ద పాత్రల అడుగున, గాలి తగులని చోట పెరుగును. దీనికి 43 మొదలు 47 డిగ్రీల వేడి చాల ఇష్టము. ఆ వేడిలో ఇది ఇంచుమించు పది నిమిషములకే రెట్టింపు కాగలదు. తిన్న 6 మొదలు 24 గంటలలోపల కడుపునొప్పి, విరేచనములు కలుగును.

మూడవది మన చేతులనుండి వచ్చును. స్టెఫైలోకాకస్ ఆరియస్ అను సూక్ష్మజీవి ముక్కులోను, చీముపట్టిన పుండ్లమీదను ఉండును. మామిడికాయ తొడిమనుండి కారు సొన చర్మమును కాల్చి పుండ్లు చేయునని తోటవారికి చెప్పనక్కరలేదు. అట్టి పుండ్లున్న చేతితో అన్నము కలిపిన, వడ్డించిన, సూక్ష్మజీవి ఆహారములోనికి దిగును.

ఇవి ఎంత వేగముగా పెరుగునో లెక్క చూడుడు. 20 నిమిషములకు ఒకసారి రెట్టింపగు సూక్ష్మజీవి ఒకటి గంటకు 8 అగును. రెండు గంటలకు 64, నాలుగు గంటలకు 4,096 అగును. చివరి గంటలో కలుగు హాని మొదటి గంటలో కలుగు హానికన్న ఎన్నో రెట్లు ఎక్కువ. ఆలస్యము పనికిరాదనుటకు కారణమిదే.

మరియొక సంగతి. బాసిల్లస్ సీరియస్ అన్నములో పుట్టించు వాంతివిషము, స్టెఫైలోకాకస్ పుట్టించు విషము తిరిగి మరిగించినను నశింపవు. వాసన, రుచి, రంగు మారకయే ఆహారము విషమై ఉండవచ్చును. ముక్కునకు తగలలేదని నమ్మరాదు.

వేడి ఎట్లు జారిపోవును

గిన్నెనుండి వేడి నాలుగు దారులలో పోవును.

1. తాకుడు: వేడి గిన్నెను నేలమీద, ఇనుప రేకుమీద పెట్టినచో అడుగునుండి వేడి దిగిపోవును.

2. గాలి: గిన్నె చుట్టు గాలి కదలుచున్నంతసేపు వేడిని మోసికొనిపోవుచుండును. మోటారుసైకిలుకు తగిలించిన క్యారియరు ఇందుచేతనే త్వరగా చల్లారును. ఆ గాలి మనకు వడగాలియైనను గిన్నెకు చల్లగాలియే.

3. వెలువడు వేడి: పొయ్యికి దూరముగా కూర్చున్నను మొగమునకు సెగ తగులునట్లే వేడి గిన్నెనుండియు సెగ నలుదిక్కుల పోవుచుండును. మసిపట్టిన గిన్నెనుండి ఎక్కువ, తళతళలాడు గిన్నెనుండి తక్కువ పోవును.

4. ఆవిరి: ఇది అన్నిటికన్న పెద్ద దొంగ. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు ఇంచుమించు 540 కెలోరీల వేడి కావలెను. 10 కిలోల చారునుండి 100 గ్రాముల నీరు ఆవిరియై పోయినచో చారు వేడి 5 డిగ్రీలకు మించి పడిపోవును. మూత సరిగా కూర్చొనని గిన్నెకు ఎన్ని గుడ్డలు చుట్టినను ప్రయోజనము తక్కువ.

పాత్ర పరిమాణమును కూడ గమనింపవలెను. ప్రక్కకు 10 సెంటీమీటర్లున్న చదరపు డబ్బాలో 1 లీటరు పట్టును. ప్రక్కకు 20 సెంటీమీటర్లున్న డబ్బాలో 8 లీటర్లు పట్టును. సరుకు 8 రెట్లు పెరిగినది గాని వేడి పోవు పైభాగము 4 రెట్లే పెరిగినది. కావున 20 మందికి 20 చిన్న క్యారియర్లు పంపుటకన్న అన్నమునకు ఒకటి, పప్పునకు ఒకటి పెద్ద పాత్రలు పంపుట మేలు. చిన్న పాత్ర ఎంత త్వరగా కాగునో అంత త్వరగా చల్లారును.

వరిగడ్డి గుణము

మాగవేసిన మామిడికాయల గడ్డిలో చేయి పెట్టి చూచినవారికి లోపల వెచ్చగా ఉండుట తెలియును. ఆ వెచ్చదనము గడ్డిలో పుట్టినది కాదు. కాయ ఊపిరి తీయుచు పండునపుడు తానే వేడిని పుట్టించును. గడ్డి ఆ వేడిని బయటికి పోనీయక పట్టియుంచును. గడ్డిపోచ లోపల బోలుగా ఉండును. పోచల నడుమ సందులుండును. ఆ సందులలో చిక్కుకొన్న గాలి కదలలేదు, కదలని గాలి వేడిని మోయలేదు. ఇదియే గడ్డిలోని రహస్యము. బొంత, దూది, ఊక, కొబ్బరిపీచు అన్నియు ఈ విధముననే పనిచేయును. తడిసినచో సందులలో గాలికి బదులు నీరు చేరును గనుక ఆ గుణము పోవును.

ఈ ఉపాయము క్రొత్తది కాదు. 1867లో పారిస్ నగరమున జరిగిన ప్రదర్శనలో నార్వే దేశపువారు ఇట్టి వేడిపెట్టెను చూపిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండులో వంటచెరకు, బొగ్గు పొదుపునకై గృహిణులు గడ్డిపెట్టెలు వాడిరి. 1892లో జేమ్స్ డ్యూయర్ అను శాస్త్రజ్ఞుడు రెండు గోడల నడుమనున్న గాలిని తీసివేసి చేసిన సీసాయే నేటి థర్మాస్ ఫ్లాస్కునకు మూలము. గాలిని కదలనీయకుండుట గడ్డిపెట్టె పద్ధతి. గాలినే లేకుండ చేయుట ఫ్లాస్కు పద్ధతి.

గడ్డిపెట్టె తయారుచేయుట

పాత చెక్కపెట్టె గాని, దళసరి వెదురుగంప గాని, కాయలు మోయు ప్లాస్టిక్ ట్రే గాని తీసికొనవలెను. పాత్రకు నలుప్రక్కల, అడుగున, పైన 4 అంగుళముల చొప్పున ఖాళీ ఉండునంత పెద్దది కావలెను.

1. పెట్టె లోపల శుభ్రమైన గోనెపట్టా, దానిపై దళసరి కాగితము పరచవలెను. సందులుగల గంపకు, ట్రేకు ఇది తప్పనిసరి.

2. బాగుగా ఎండిన వరిగడ్డిని జానెడు ముక్కలుగా కోసి అడుగున 4 అంగుళముల మందమున అదిమి పరచవలెను.

3. నడుమ పాత్రను నిలిపి, చుట్టును గడ్డి కూరవలెను. పాత్రను పైకి తీసిన తరువాత గుంట చెదరకుండునంత గట్టిగా ఉండవలెను. రాయివలె బిగించినచో సందులు పోయి గుణము తగ్గును.

4. గుంటలో ఉతికిన నూలుగుడ్డను తొడుగువలె కుట్టి అమర్చవలెను. గడ్డిపోచలు ఆహారములో పడవు. గుడ్డను ప్రతిదినము ఉతుకవచ్చును.

5. గడ్డి గాని, బూరుగుదూది గాని నింపిన 4 అంగుళముల మందపు దిండు ఒకటి కుట్టవలెను. పాత్ర మూతపై ఈ దిండు కూర్చొని, దానిపై పెట్టె మూత అణగవలెను. వేడి పైకి పోవును గనుక ఈ దిండును అశ్రద్ధ చేయరాదు.

ముఖ్యమైన హెచ్చరిక: కాయలు మాగవేసిన పాత గడ్డిని ఇందుకు వాడరాదు. అందులో కాల్షియం కార్బైడు పొడి కలిసియుండవచ్చును. కాయలు మాగవేయుటకు కార్బైడు వాడుట చట్టరీత్యా నిషిద్ధము. ఎరువు, పురుగుమందు వచ్చిన సంచులను కూడ వాడరాదు. క్రొత్త గడ్డినే తీసికొని, వారమునకు ఒకసారి ఎండబెట్టి, తడిసినను బూజుపట్టినను మార్చవలెను.

థర్మోకోల్ పెట్టెయు పనికివచ్చును. కాని మరుగుచున్న గిన్నె తగిలినచో అది మెత్తబడి కరుగును గనుక గిన్నెకు దళసరి గుడ్డ చుట్టి పెట్టవలెను.

నింపు పద్ధతి

గడ్డిపెట్టె వేడిని పుట్టించదు. పెట్టినదానిని పెట్టినట్లు దాచును. మరుగుచున్న పప్పు పెట్టినచో వేడిగా దాచును. గోరువెచ్చని పప్పు పెట్టినచో గోరువెచ్చగానే దాచి, సూక్ష్మజీవులకు పొదుగుపెట్టె అగును. అందుచేత పెట్టె ఎంత మంచిదైనను నింపు పద్ధతి తప్పినచో మేలునకు బదులు కీడు కలుగును.

పాత్రలో ముందుగా మరుగునీరు పోసి మూతపెట్టి ఐదు నిమిషములు ఉంచవలెను. చల్లని పాత్ర వేడిపప్పులోని వేడిని తాను త్రాగివేయును. నీరు పారబోసి, వెంటనే మరుగుచున్న పప్పును అంచునకు రెండంగుళముల దిగువవరకు నింపవలెను. సగము పాత్ర పంపరాదు. సరుకు తక్కువైనచో చిన్న పాత్ర తీసికొనవలెను. అన్నమును గంజి పూర్తిగా వార్చి, ఆవిరి పోకముందే పాత్రలోనికి మార్చవలెను. చాపపై ఆరబోసి పిదప నింపుట తగదు.

కట్టెలపొయ్యి మీదినుండి దింపిన పాత్ర అడుగున నిప్పురవ్వ అంటుకొనియుండవచ్చును. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, పిదపనే గడ్డిలో దింపవలెను. మూతపై వంట దింపిన వేళను సుద్దముక్కతో వ్రాయవలెను. దారిలో గాని, తోటలో గాని వడ్డనవరకు మూత తీయరాదు. "కొంచెము రుచి చూతము" అని తెరచిన ప్రతిసారి ఆవిరితో వేడి లేచిపోవును.

పెరుగు, మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, రోటిపచ్చడి ఈ పెట్టెలో పెట్టరాదు. వాటిని తడిగుడ్డ చుట్టిన కుండలో వేరుగా పంపవలెను. పప్పు, సాంబారు, పులుసువంటి ద్రవపదార్థములు వేడిని బాగుగా నిలుపుకొనును. వేపుళ్లు త్వరగా చల్లారును. మాంసము, కోడిగ్రుడ్డు కూరలను దూరపు తోటలకు పంపకుండుట మంచిది. పెట్టె లేని దినమున పులిహోర గాని, మామిడికాయ పప్పుతో అన్నము గాని పంపుట మేలు. పులుపు సూక్ష్మజీవులకు కొంత అడ్డు. కాని పూర్తి రక్షణ కాదు గనుక వీటిని కూడ వేళ మించనీయరాదు.

ముందుగా పరీక్షింపుడు

కూలీలకు పంపుటకు ముందు ఇంటివద్ద ఒకసారి పరీక్షించి చూడవలెను. మీరు వాడు పాత్రలో నీరు మరిగించి, గడ్డిపెట్టెలో మూసి, తోటకు చేరి వడ్డన ముగియుటకు పట్టు కాలమునకు ఒక గంట చేర్చి, అంతసేపు కదపక ఉంచుడు. అదే కొలత నీటిని మరియొక గిన్నెలో బయట ఉంచుడు. పిదప రెంటిలోను కడ్డీ థర్మామీటరు ముంచి చూడుడు. జ్వరము చూచు థర్మామీటరు ఇందుకు పనికిరాదు. పెట్టెలోని నీరు 60కి పైన ఉన్నచో ఆ పెట్టె మీ తోటకు సరిపోవును. తగ్గినచో దిండు మందము పెంచి, మూత బిగువు సరిచేసి మరల చూడవలెను. బాగుగా కుదిరిన పెట్టెలో 10 లీటర్ల నిండుపాత్ర మూడు నాలుగు గంటలు 60కి పైన నిలుచుట సాధ్యమే. పరీక్షింపక మాత్రము నమ్మరాదు.

పెట్టె ఎంత మంచిదైనను వేళ పాటింపనిదే ఫలితముండదు. బొంబాయి నగరమున 1890 నుండి ఇండ్లనుండి కార్యాలయములకు భోజనము చేర్చుచున్న డబ్బావాలాలకు పేరు తెచ్చినది వారి వేళ తప్పని అలవాటే. మన ప్రాంతములో 2024 ఆగస్టు 15న గుడివాడలో తిరిగి ప్రారంభమైన అన్న క్యాంటీనువంటి చోట్లకు కూడ ఒకచోట వండిన భోజనము బండిలో వచ్చును. ఎక్కడైనను సూత్రమొకటే: వంట ముగిసిన వేళకు, వడ్డించు వేళకు నడుమ దూరము తగ్గవలెను. కోత తెల్లవారుజామున మొదలగును గనుక వంటను కూడ తెల్లవారుజామున ముగించి పది గంటలవరకు ఊరక ఉంచుట మన యిండ్లలో అలవాటు. దీనిని మానవలెను. పన్నెండింటికి తినువారికి పది గంటలకు పొయ్యిమీదినుండి దింపినచో చాలును.

తోటలో వడ్డన

కూలీలు సొన అంటిన చేతులను, మందు చల్లినవారు మందు చేతులను సబ్బుతో కడిగికొనుటకు నీరు సిద్ధముగా ఉంచవలెను. వడ్డించువారి చేతులమీద పుండ్లు ఉండరాదు. చేతితో గాక గరిటెతోనే వడ్డింపవలెను. మూత తీయగానే గరిటెతో కలిపి, నడిబొడ్డున థర్మామీటరు చూచి, 60కి పైన ఉన్నచో అందరికి ఒకేసారి వడ్డింపవలెను. తరువాత వచ్చువారి కొరకని మిగిలినది తిరిగి పెట్టెలో మూయరాదు.

వేడి 60కి దిగువకు వచ్చి గంట దాటలేదని నిశ్చయముగా తెలిసినచో వెంటనే తినవచ్చును. గంట దాటినను, ఎంతసేపైనదో తెలియకపోయినను ఆ ఆహారమును ఎవరికిని పెట్టరాదు. పారవేయుటకు మనస్సొప్పక పశువులకు పెట్టుదురు. గుండిగెడు అన్నము ఒకేసారి తిన్న పశువునకు కడుపులో ఆమ్లము పెరిగి ప్రాణముమీదికి వచ్చును. కంపోస్టు గోతిలో వేసి మన్ను కప్పుట మంచిది. అన్నము పారవేయుట మనకు పాపముగా తోచును. అట్టి అవసరము రాకుండ చేయుటకే ఈ పెట్టె.

ఎవరికైనను వాంతులు, విరేచనములు పట్టినచో ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లమును లీటరు మంచినీటిలో కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుచు ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు చేర్పవలెను. బండి లేనిచో 108కు ఫోను చేయవలెను. అదే పాత్రనుండి తిన్న మిగిలినవారిని కూడ కనిపెట్టియుండవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

• వడ్డనవరకు వేడి 60 డిగ్రీలకు పైన ఉండవలెను.
• మరుగుచున్నదానినే, నిండుగా, కాగిన పాత్రలో నింపవలెను.
• మూత బిగువుగా ఉండవలెను, దారిలో తెరువరాదు.
• క్రొత్త, పొడి వరిగడ్డి అన్ని ప్రక్కల 4 అంగుళములు ఉండవలెను.
• గోరువెచ్చనిది పెట్టెలో పెట్టరాదు, మిగిలినది దాచరాదు.
• అనుమానమున్నచో వడ్డింపరాదు.

కాయ దెబ్బతినకుండ గడ్డి పరచి పెట్టెలలో సర్దుట మన తోటలవారికి చక్కగా తెలిసిన పని. ఆ శ్రద్ధలో కొంత ఆ కాయ కోసినవారి అన్నముపై కూడ చూపినచో కోత దినములు ఎవరికిని కీడు లేకుండ గడచును.